చెవిలో ఆగని మిషను

తాడిపత్రి నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు, పేరు వేయొద్దన్నారు. వయసు 39. బండల ఫ్యాక్టరీలో 14 ఏళ్లుగా పని. మొదట పాలిష్ మిషను మీద ఉండేవారు, ఇప్పుడు కటింగ్ దగ్గర మేస్త్రీ. పొద్దున ఎనిమిదికి పోతే ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు. ఇంట్లో అమ్మ, భార్య, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. గడపలో అడుగు పెట్టగానే కుక్కర్ కూత, బాబు కేకలు, టీవీ, అన్నీ నెత్తి మీద సుత్తితో కొట్టినట్టు ఉంటాయట. పోయిన నెల పాప చేతిలోంచి స్టీలు గిన్నె జారిపడింది. ఈయన ఎంత గట్టిగా అరిచారంటే, పిల్ల ఆ రాత్రి అన్నం తినకుండా పడుకుంది. "ఆ పొద్దు నుంచి నేను ఇంట్లో ఉంటే పాప గిన్నెలు దొంగతనంగా పెట్టినట్టు పెడతాంది. అది చూస్తే నాకే తల కొట్టేసినట్టుంది" అని రాశారు. భార్య మాట ఇంకోటి: "ఇంట్లో ఉన్నావే గానీ, ఉన్నట్టు లేవు."

రాత్రి పడుకుంటే రెండు చెవుల్లోనూ 'గుయ్యి'మని మోత. బెంగళూరులో ఉండే బావమరిది ఫోనులో ఒక యాప్ వేయించి, వాన చప్పుడు, ఏటి సవ్వడి లాంటివి వింటే మనసు కుదుటపడుతుందని చెప్పాడు. పది రోజులు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నారు, చిరాకు పెరిగింది. వాళ్ల నాయనకు మూడెకరాల చేను ఉండేది. వాన చప్పుడు వింటే, పీకి కుప్ప వేసిన చెనిక్కాయ (వేరుశెనగ) కట్టె తడిసి బూజు పట్టిన ఏడాదే గుర్తొస్తోందట. ఒక ఆదివారం అందరినీ చెల్లెలి ఇంటికి పంపి, తలుపులు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చున్నారు. మోత రెట్టింపైంది. ఫ్యాక్టరీలో చెవి ప్లగ్గులు ఇచ్చారు గానీ, పిలిస్తే వినపడదని గంటకే తీసేస్తారు. చివర్లో అడిగినవి ఇవి: "నాకు నిశ్శబ్దం కావాల్నా, మంచి శబ్దం కావాల్నా? ఈ పని మానుకోవాల్నా? పాపకు ఏం చెప్పాల?"

సమాధానం:

మీ ఉత్తరంలో మూడు చిక్కులు ఒకే ముడిగా పడి ఉన్నాయి. చెవి అలిసిపోయింది. మనసు ఫ్యాక్టరీ వదిలి ఇంటికి రావడం లేదు. ఇంట్లో వాళ్లకూ మీకూ మధ్య ఎడం పెరిగింది. మీ బావమరిది చెప్పిన మాటలో తప్పు లేదు, మెల్లని చప్పుళ్ల మీద చెవి ఒగ్గితే మనసు నిలుస్తుంది. కాకపోతే అది దెబ్బ తగలని చెవికి చెప్పే మాట. బెణికిన కాలితో కొండ ఎక్కబోతే ఏమవుతుందో మీకు అదే అయింది. కాబట్టి ముందు చెవి సంగతి చూద్దాం, మనసు సంగతి తర్వాత.

రేపు మిషను ఆడుతున్నప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. చేయి చాచితే అందేంత దూరంలో ఒక మనిషిని నిలబెట్టి మామూలు గొంతుతో మాట్లాడండి. గొంతు పెంచితే తప్ప వినపడకపోతే, అక్కడ మోత 85 డెసిబెల్స్ (చప్పుడు ఎంత పెద్దదో చెప్పే కొలత) దాటినట్టే అనుకోవాలి. రోజుకు ఎనిమిది గంటల పనిలో చెవికి పెట్టుకోవలసిన హద్దు అది. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగానికి పడిపోతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు, 100 దగ్గర పావుగంట. మన ఫ్యాక్టరీ నిబంధనలు ఎనిమిది గంటలకు 90 వరకు ఒప్పుకుంటాయి, అందుకని "అంతా రూలు ప్రకారమే ఉంది" అని ఎవరైనా అన్నా చెవి క్షేమంగా ఉన్నట్టు కాదు. ఫోనులో మోత కొలిచే యాప్‌లు ఉన్నాయి. అంకె మీద పూర్తిగా ఆధారపడలేం గానీ, షెడ్డులో ఏ మూల ఎక్కువ, ఏ మూల తక్కువ అని పోల్చుకోవడానికి పనికొస్తాయి.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం ఒకటి ఉంది. అందులో ఒక్కో చెవికి సుమారు 15,000 సన్నని రోమ కణాలు. మోత ఎక్కువైతే అవి గాలివానకు ఒరిగిన జొన్న చేనులా వాలిపోతాయి. విశ్రాంతి దొరికితే చాలావరకు లేస్తాయి. రోజూ అదే తంతు అయితే కొన్ని ఇక లేవవు, చచ్చిన కణం మళ్లీ మొలవదు. ముందుగా పోయేవి సన్నని స్వరాలను పట్టేవి, 4000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దరిదాపుల్లోవి. పట్టీల గలగల, పిచ్చుకల కిచకిచ, మాటల్లో 'స', 'త', 'క' లాంటి హల్లులు ఆ కోవలోకి వస్తాయి. మాట వినపడుతుంది, ఏమన్నారో తెలియదు.

ఇలాంటి చెవికి ఇంకో గుణం ఉంది. మెల్లని చప్పుడు అందదు, కాస్త పెద్దదైతే ఒక్కసారిగా భరించలేనంతగా తగులుతుంది. మధ్య మెట్లు ఊడిపోయిన నిచ్చెనలాగా. పాప మాట సరిగా అందని చెవికే పాప గిన్నె పిడుగైంది. పైగా ఉన్నట్టుండి పడిన చప్పుడుకు ఉలిక్కిపడడం మన చేతిలో లేని పని. ఆలోచన పుట్టకముందే మెడ, భుజాలు బిగుసుకుంటాయి. ఆ ఉలికిపాటు మీ తప్పు కాదు. దాని వెనకాల వచ్చిన అరుపు మాత్రం మీదే, ఆ సంగతికి మళ్లీ వస్తాను.

"ఉన్నట్టు లేవు" అన్న మాటను మీరు మీ మనసు మీద పడిన నిందగా తీసుకున్నారు. అందులో సగం చెవి సంగతే అయ్యుండొచ్చు. ఆమె వంటింట్లో కొళాయి కింద గిన్నె పెట్టి, అటు తిరిగి ఏదో అడుగుతుంది. నీళ్ల చప్పుడులో హల్లులన్నీ కొట్టుకుపోయి మీకు గొణుగుడు మిగులుతుంది. మీరు "ఊఁ" అంటారు. ఆమె అడిగింది పాప బడి ఫీజు ఎప్పుడు కడతావని. ఏళ్ల తరబడి ఇలా జరిగితే ఏ ఇల్లాలైనా ఆ మాటే అంటుంది. ఈ పూట నుంచే ఒకటి మార్చండి. అర్థం కానప్పుడు "ఊఁ" అనకండి, "సరిగా వినపడలేదు, మళ్లా చెప్పు" అనండి. ఆమెను కూడా ముందు మిమ్మల్ని పిలిచి, మీరు తిరిగి చూశాక మాట మొదలుపెట్టమని చెప్పండి. మొహం కనిపిస్తే, పెదాల కదలికను బట్టి పోయిన హల్లులు చాలా తిరిగొస్తాయి. ఇది మామూలు విషయంలా కనిపిస్తుంది గానీ, వినికిడి తగ్గిన ఇళ్లలో సగం పోట్లాటలు ఇక్కడే పుడతాయని నా నమ్మకం.

వినికిడి పరీక్ష తప్పకుండా చేయించుకోండి. ఆడియోమెట్రీ అంటారు. నొప్పి ఉండదు, చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి, సన్నని స్వరాలు వినిపించి, వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది. పరీక్షకు ముందు కనీసం 14 గంటలు మిషను మోతకు దూరంగా ఉండాలి, లేకపోతే ఆ రోజు అలసట కూడా శాశ్వత నష్టంలాగే కాగితం మీదికి ఎక్కుతుంది. అందుకే ఆదివారం సెలవు గడిపి సోమవారం పొద్దున పోవడం మేలు. చెవిలో గులిమి గట్టిపడినా మోత వస్తుంది. అదే కారణమైతే డాక్టరు తీసేయగానే తేలికపడుతుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, కాచిన నూనె మాత్రం చెవి దగ్గరికి రానీయకండి. మోత ఒకే చెవిలో ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు లయగా వస్తున్నా, తల తిరుగుతున్నా, చీము కారుతున్నా ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి మూగబోతే సోమవారం దాకా ఆగొద్దు, అదే రోజు పోవాలి. దానికి మందు ఎంత తొందరగా పడితే అంత మంచిది.

ప్లగ్గు విషయంలో మీకు ఒక లెక్క తెలియాలి. 30 డెసిబెల్స్ తగ్గించే ప్లగ్గును షిఫ్టులో సగం సేపే పెట్టుకుంటే మిగిలే రక్షణ సుమారు 3 డెసిబెల్స్. తీసేసిన ఆ సగం సేపే చెవికి జరగాల్సిన నష్టమంతా చేసేస్తుంది. ఒక గంట పెట్టుకుని తీసేయడమంటే దాదాపు పెట్టుకోనట్టే. పెట్టుకునే పద్ధతి కూడా ఉంది. ముందు చేతులు కడగాలి, బండల బురద చెవిలోకి పోతే పుండు పడుతుంది. స్పాంజి ప్లగ్గును దీపం వత్తి నలిపినట్టు సన్నగా నలపండి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, దూర్చి, అది ఉబ్బి కూర్చునే దాకా 30 సెకన్లు వేలితో అదిమి ఉంచండి. సరిగా కూర్చుంటే మీ గొంతు మీకే కుండలో తల పెట్టి మాట్లాడినట్టు వినిపిస్తుంది. ఎదుటివారికి ప్లగ్గు సగానికి పైగా బయటికి కనబడుతోందంటే తీసి మళ్లీ పెట్టుకోవాలి.

పిలిస్తే వినపడదన్నది సాకు కాదు, బండ జారినా లారీ వెనక్కొచ్చినా ప్రాణం మీదికొచ్చే సంగతి. దానికి మేస్త్రీగా మీరే ఏర్పాటు చేయగలరు. నాలుగు చేతి సైగలు ఖాయం చేసుకోండి: ఆపు, ఎత్తు, దించు, ఇటు రా. దూరంగా ఉన్నవాళ్లకు టార్చి వెలుగు. ప్లగ్గు బదులు తల మీదుగా వచ్చి చెవులను కప్పే మఫ్‌లు కూడా దొరుకుతాయి, అయితే మాట్లాడాల్సి వస్తే మిషను దగ్గర నిలబడి ఎత్తకండి, నాలుగు అడుగులు బయటికి వచ్చి ఎత్తండి.

పని మానుకోవాలా అన్నదానికి పరీక్ష కాగితం చేతికి రాకముందే సమాధానం వెతకొద్దు. ఉన్న చోటే ఉండి షిఫ్టంతా ప్లగ్గు వాడితే నష్టం ఇప్పుడున్న చోట ఆగే అవకాశం బాగా ఉంది, ఉన్న గుయ్యి మాత్రం కొంత మిగలొచ్చు. సగం రోజు కటింగ్, సగం రోజు యార్డులో లోడింగో లెక్కలో చూసుకుంటానని ఓనరును అడగొచ్చు. సమయం సగమైతే 3 డెసిబెల్స్ తగ్గినంత, కూలి ఏమైనా తగ్గుతుందేమో ముందే తేల్చుకోండి. కనీసం మీ కుర్చీని మిషనుకు దూరం జరపండి. ఆరుబయట దూరం రెట్టింపు అయితే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. రేకుల షెడ్డులో మోత గోడలకూ కప్పుకూ కొట్టుకుని తిరిగొస్తుంది కాబట్టి అంత దక్కదు, అయినా దక్కినంత లాభమే. పూర్తిగా మానేస్తే చెవికి విశ్రాంతి వస్తుంది గానీ, 39 ఏళ్ల వయసులో ఇద్దరు పిల్లలతో పని లేని ఇంట్లో మనసుకు విశ్రాంతి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాగితం చూసి డాక్టరు "ఇక ఆ షెడ్డులో ఉండొద్దు" అంటే అప్పుడు మాట వేరు.

ఇక నిశ్శబ్దమా, శబ్దమా అన్న ప్రశ్న.

పూర్తి నిశ్శబ్దం మీకు ఇప్పుడు పడదు. చెవి నుంచి రావలసిన కబురు తగ్గినప్పుడు మెదడు తన వైపు నుంచి వాల్యూం పెంచుకుంటుంది. స్టేషను అందని రేడియో వాల్యూం పెంచితే గరగర పెరిగినట్టు. మీ గుయ్యి చాలావరకు ఆ గరగరే. తలుపులు మూసిన గదిలో వినడానికి అదొక్కటే మిగిలింది, అందుకే రెట్టింపైంది. ఏదో ముదిరిపోయిందని ఆ ఆదివారం మీరు భయపడి ఉంటారు. గదిలో దానికి పోటీ లేకపోయింది, అంతే. రాత్రి పడుకునేటప్పుడు ఫ్యాను గాలి చాలు. గుయ్యిని ముంచేసేంత పెద్ద చప్పుడు పెట్టొద్దు. ముంచేస్తే మెదడు దానికి అలవాటు పడే వీలు పోతుంది, చప్పుడు ఆపగానే గుయ్యి కొత్తగా వచ్చినట్టు వినిపిస్తుంది. రెండూ పక్కపక్కన వినపడుతూ, ఫ్యాను కాస్త కిందుగా ఉండాలి. ఫ్యాను టకటకమంటుంటే రెక్కల స్క్రూలు, పైన గిన్నెలాంటి మూత బిగించుకోండి. కనిపెట్టి కూర్చునేలా చేసే చప్పుడు నిద్రకు శత్రువు.

యాప్ ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు ఊహించవచ్చు. పది గంటలు మోత విన్న చెవిలోకి మీరు మళ్లీ ఇయర్‌ఫోన్ దూర్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పెద్దవాళ్లకు ఇలా వినడానికి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ హద్దు; మీ వాటా ఫ్యాక్టరీలోనే ఖర్చయిపోతోంది. ఇయర్‌ఫోన్ తీసేసి విన్నా, ఫోను బుల్లి స్పీకరులో వానలోని లావు స్వరాలు పలకవు, పెనం మీద నీళ్లు చిలకరించినట్టు 'చుయ్' అనేదే మిగులుతుంది, అది మీ గుయ్యికి దగ్గర బంధువు. కొన్ని యాప్‌లలో ఒకే ముక్క తిరిగి తిరిగి వస్తుంది, మనకు తెలియకుండానే మనసు ఆ అతుకు కోసం కాచుకుంటుంది. వీటన్నిటికన్నా పెద్ద కారణం మీరే రాశారు, తడిసిన కట్టె. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, చేను గల ఇంట్లో పుట్టినవాడికి వాన చప్పుడు ఊరికే చప్పుడు కాదు. పదును కోసం ఎదురుచూపు అందులోనే ఉంది, పీకిన కట్టె మీద పడుతుందన్న భయమూ అందులోనే ఉంది. ఎవరికో హాయిగా ఉన్న చప్పుడు మీకు హాయిగా ఉండాలని లేదు. ఉన్నా లేకున్నా అది మీ లోపం కాదు.

మీకు పనికొచ్చే చప్పుడు మీ చేతిలో పుట్టేదై ఉండాలి. దీనికి కారణం ఉంది. మన చేతితో మనం చేసే చప్పుడు ఎప్పుడొస్తుందో మెదడుకు ముందే తెలుసు, అందుకే దాన్ని తగ్గించి తీసుకుంటుంది, ఒళ్లు ఉలిక్కిపడదు. మాటలు లేని చప్పుడు అయితే మనసు అర్థం వెంట పరిగెత్తదు. దానికో ముగింపు ఉంటే ఇంకా మంచిది, ఇంకెంతసేపు కూర్చోవాలి అన్న లెక్క ఉండదు. ఈ గుణాలన్నీ ఉన్న పని మీ ఇంట్లోనే ఉంది, బహుశా మీ అమ్మగారు రోజూ చేస్తూనే ఉంటారు. చెనిక్కాయలు ఒలవడం.

పావుకిలో కాయ తీసుకోండి, దరిదాపు రెండు వందల కాయలు ఉంటాయి, ఇరవై నిమిషాల పని. బాగా ఎండినవి ఎంచుకోండి. చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజ గలగలమనాలి, మూగగా ఉంటే ఇంకా పచ్చి ఉందని అర్థం, అది నొక్కితే పగలదు, నలుగుతుంది. స్టీలు పళ్లెం వద్దు, గింజ పడిన ప్రతిసారీ 'టంగ్'మని మీ చెవికి సూదిలా తగులుతుంది. చాట పెట్టుకోండి. కాయ ముక్కును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా నొక్కుతూ పోతే, ఒక క్షణం ఏమీ జరగదు. తర్వాత అతుకు 'టప్'మని విడిపోతుంది. పొట్టు చిటపటమంటుంది, గింజలు చాటలో పడి రెండు దొర్లు దొర్లి ఆగుతాయి. తాలుకాయ అయితే ఆ 'టప్' రాదు, కాగితం నలిపినట్టు 'కరకర'మంటుంది. నొక్కడానికీ పగలడానికీ మధ్య ఉన్న ఆ క్షణం మీద చెవి పెట్టండి. గింజ దొర్లడం పూర్తిగా ఆగే వరకు రెండో కాయ తీయకండి. మీరు చేయాల్సిందల్లా ఇదే.

పదో కాయకు ఆర్డరు గుర్తొస్తుంది, ఇరవయ్యో కాయకు బ్లేడు మార్చాలన్న సంగతి. రానివ్వండి. పెనుగులాడితే అవి ఇంకా గట్టిగా కూర్చుంటాయి. "ఫ్యాక్టరీకి పోయాను" అని లోపల ఒక మాట అనుకుని, చేతిలో ఉన్న కాయ దగ్గరికి వచ్చేయండి. ఇరవై నిమిషాల్లో నలభై సార్లు పోయి నలభై సార్లు వస్తే, ఆ రోజు బాగా జరిగినట్టే లెక్క. ఆ రావడమే అభ్యాసం. హఠయోగంలో నాదానుసంధానం అని ధ్వని మీద మనసు నిలిపే సాధన ఉంది. 1979లో అమెరికాలో ఒక వైద్య కళాశాలలో నొప్పులతో బాధపడేవాళ్ల కోసం మొదలైన ఎనిమిది వారాల ఎరుక (మైండ్‌ఫుల్‌నెస్) శిక్షణలోనూ ఇదే కదలిక, పోవడం, తెలుసుకోవడం, తిరిగి రావడం. మీరూ ఎనిమిది వారాలు ఇవ్వండి. మొదటి వారంలోనే తేడా వెతికితే నిరుత్సాహపడతారు.

దీనికి వేళ ముఖ్యం. ఆరుకు ఇంటికి వచ్చి ఆరుంబావుకు కూర్చోవద్దు, చెవి అప్పటికింకా దూది పెట్టినట్టే ఉంటుంది. మధ్యలో ముప్పావుగంట వదలండి. స్నానం చేయండి, బట్టలు మార్చుకోండి. తర్వాత కుండలోంచి ఒక చెంబు నీళ్లు ముంచి, కళ్లు మూసుకుని గ్లాసులోకి పోయండి. అడుగున పడేటప్పుడు లావుగా మొదలైన చప్పుడు, నిండే కొద్దీ సన్నబడుతూ పైకి పోతుంది. లోపల గాలికి చోటు తగ్గుతుంది కదా, అందుకు. పొర్లకముందే చెవితో కనిపెట్టి ఆపండి. మొదటి రెండు రోజులు పొర్లుతుంది, కింద గుడ్డ పెట్టుకోండి. పొద్దున బండెక్కబోయే ముందు కూడా దీన్ని చేయొచ్చు, అర నిమిషం చాలు.

ఎక్కడ కూర్చోవాలన్నది మీరు తేల్చుకోవాల్సిన విషయం. విడిగా గదిలో కూర్చుంటే మొదట్లో తేలిగ్గా ఉంటుంది. కానీ ఆ గంటసేపు పిల్లలను చూసే బరువు మీ భార్య మీదే పడుతుంది, "ఉన్నట్టు లేవు" అన్న మాట ఇంకాస్త నిజమవుతుంది. అమ్మ పక్కన వసారాలో కూర్చుంటే మధ్యమధ్య బాబు మీద పడతాడు, టీవీ వినిపిస్తుంది, సగం రోజులు పని చెడుతుంది. అయినా ఆమె చాటలో పడే గింజ, మీ చాటలో పడే గింజ రెండూ వినపడుతుంటే మాట్లాడకుండానే మీరు ఇంట్లో ఉన్నట్టు అవుతుంది. నన్నడిగితే రెండోదే మేలంటాను, మొదటి వారం గది, తర్వాత వసారా అని సర్దుకున్నా తప్పు లేదు. ఒక్కటి మాత్రం చేయొద్దు. "నేను వింటున్నా, అందరూ సద్దు చేయకండి" అని ఇంటిని అదిలించొద్దు. అది మొదలైతే మీ ప్రశాంతత వాళ్లకు ఇంకో భయం అవుతుంది, పాప ఇప్పటికే గిన్నెలు దాచినట్టు పెడుతోంది.

ఇంట్లో మోత తగ్గించే పనులు మీరే చేయండి. గిన్నెల స్టాండు అరల్లో పాత దుప్పటి మడిచి వేయండి, కుర్చీల కాళ్లకు రబ్బరు బుడిపెలు తొడగండి. కుక్కర్ మొదటి కూత రాగానే మంట తగ్గిస్తే మిగతావి మెత్తబడతాయి. ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం చెవుల్లో ప్లగ్గు, దూది పెట్టుకోవద్దు. మామూలు చప్పుళ్లకు కూడా చెవి మూస్తూ పోతే మెదడు వాల్యూం ఇంకా పెంచుకుంటుంది, గిన్నె చప్పుడు ఇంకా పెద్దదవుతుంది.

దీనిలో ఇంకో పొరపాటు జరుగుతుంటుంది, ముందే చెబుతున్నాను. ఒలుస్తూ ఒలుస్తూ "గుయ్యి తగ్గిందా" అని లోపలికి చెవి పెట్టి చూస్తారు. చూసినప్పుడల్లా అది ఉంటుంది. గుయ్యి తగ్గించడానికి ఇది మందు కాదు. గుయ్యి ఉండగానే ఇంకొకటి కూడా వినగలగడం కోసం. ఆదివారాలు తెల్లవారుజామున పెన్న ఒడ్డుకు, బుగ్గ రామలింగేశ్వరుడి గుడి వైపు నడవండి. శివలింగం దగ్గరి నీటి ఊట వల్లనే ఆ గుడికి బుగ్గ అన్న పేరు. ఊట ఊరుతున్న రోజైతే దగ్గర నిలబడండి, లేకపోతే గుడి బయట కూర్చుని అన్నిటికన్నా దూరపు చప్పుడు ఏదో వెతకండి. రేణిగుంట లైన్లో పోయే రైలు కావచ్చు, అవతలి ఒడ్డున ఎవరి బోరు మోటారో కావచ్చు. తర్వాత అన్నిటికన్నా దగ్గరిది వెతకండి, అది మీ ఊపిరి. ఈ రెంటి మధ్య చెవిని పది నిమిషాలు అటూ ఇటూ తిప్పితే, గుయ్యి ఎక్కడో మధ్యలో ఒక చప్పుడుగా సర్దుకుంటుంది.

ఇన్ని చేసినా రెండు మూడు వారాల తర్వాత కూడా నిద్ర పట్టకపోతే, కోపం చేతి దాకా వస్తుంటే, బతుకు మీద విసుగు పుడుతుంటే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ అది, డబ్బు పడదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. చెవి మోతతో బతికేవాళ్లకు మనసు కుంగడం వింత కాదు.

ఇక పాప. ఆ రోజు సంగతి తనకు గుర్తులేదనో, మరిచిపోయి ఉంటుందనో అనుకోకండి, గిన్నెలు పెట్టే తీరులోనే గుర్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు చెప్పండి: "నాయన చెవి మిషను దగ్గర దెబ్బ తినింది. చిన్న చప్పుడు వినపడదు, పెద్దది నొప్పి పుడతాది. ఆ పొద్దు నువ్వు తప్పేం చేయలేదు. నేను అరిచింది తప్పు." "అందుకే జాగ్రత్తగా ఉండమ్మా" అని దానికి తోక తగిలించకండి. మాఫీ అడిగి మళ్లీ పని అప్పజెప్పినట్టు అవుతుంది.

తర్వాత ఇద్దరూ ఒక ఆట ఆడండి. మీరు గోడ వైపు తిరిగి కళ్లు మూసుకోండి. పాప మీ వెనక నాలుగు అడుగుల దూరంలో కూర్చుని ఒక్కో చప్పుడు చేస్తుంది, మీరు అదేంటో చెప్పాలి. అగ్గిపుల్ల గీయడం (ఇది అమ్మ పక్కన ఉంటేనే), నోటుబుక్కు పేజీ తిప్పడం, పట్టీ ఆడించడం, చెనిక్కాయ పగలగొట్టడం, చాటతో చెరగడం, గాజులు కదపడం. స్టీలు గిన్నె కూడా ఉండనివ్వండి, అయితే తను ఎంత మెల్లగా కొట్టాలనుకుంటే అంత మెల్లగా. చప్పుడు ఇప్పుడు తన చేతిలో ఉంటుంది, భయపడాల్సింది ఏమీ లేదని తనకూ తెలుస్తుంది. మీరు చెప్పగలిగినవాటికి టిక్కు, అసలు వినపడనివాటికి సున్నా పెట్టమనండి, పిల్లలకు మార్కులు వేయడం ఇష్టమే. మీకు సున్నాలు వచ్చేవి ఎక్కువగా పట్టీలు, పేజీలు, గాజుల దగ్గరే కావచ్చు. సోమవారం పొద్దున అనంతపురం పోయేటప్పుడు ఆ కాగితం జేబులో పెట్టుకుని పోయి డాక్టరుకు చూపించండి.